వెల్లుల్లి లేని ఊళ్లో వెల్లుల్లి వాసన

212వ రోజు

వంటశాల పుస్తకంలో రోజూ మూడు సంగతులు రాయాలని నియమం. ఏం వండాం, ఎంత మిగిలింది, ఎవరు తినలేదు. మొదటి రెండూ రాయడానికి రెండు నిమిషాలు చాలు. మూడోదే చాంతాడంత అవుతోంది. ఈ నాలుగో లోగిలిలో ఉన్నది నూట పన్నెండు మందిమి. ఈ నెలలో ఏ పూటా తొంభై మందికి మించి తినలేదు. వంట బాగాలేక కాదు. నా వంటని నేనే మెచ్చుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, కానీ వంట బాగాలేక మాత్రం కాదు. పొట్టలు బాగాలేక. ఒకరికి ఉబ్బరం, ఒకరికి విరేచనాలు, ఇంకొకరికి ఆకలే లేదు. మరుగుదొడ్ల దగ్గర వరస వంటశాల దగ్గర వరస కంటే పొడుగ్గా ఉంటోంది.

దానికి తోడు అందరికీ బుర్రలు మొద్దుబారాయి. మొన్న మంచు కరిగించే వంతు ఎవరిదో ముగ్గురికి ముగ్గురూ మర్చిపోయి పడుకున్నారు. పొద్దున లేచేసరికి బియ్యం కడగడానికి నీళ్లు లేవు. నేను నోరు చేసుకుంటే ముగ్గురూ నన్ను చూసి ఏడుపు ముఖాలు పెట్టారు. తిట్టడానికి కూడా సరదా లేకుండా పోయింది.

అందరికంటే ఎక్కువ దిగజారింది మా అక్క హైమావతి. అక్కకి భూమి లెక్కన అరవై ఒకటి, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. లోగిలి విత్తనాలన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి నలభై ఆరు రకాల గింజలు చెప్పగలిగిన మనిషి. ఈరోజు పెసల డబ్బాలో అలసందలు పోసింది. ఏందక్కా ఇది అంటే, "పెసలేగా" అంది. తర్వాత నన్ను మా చనిపోయిన మేనత్త పేరుతో పిలిచింది.

సాయంత్రం లోగిలి పెద్ద తిరపతయ్య వచ్చి పీట వేసుకుని కూచున్నాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడాడంటే చెడ్డ కబురే.

"వీరమణమ్మా, 400వ రోజు విత్తులరోజు, ఊరందరి ముందు గింజల పరీక్ష. ఆ లోపల మీ అక్క తేరుకుంటే సంతోషం. లేదంటే ఒకటో లోగిలి విశ్రాంతిశాలకి పంపుదాం. అక్కడ చూసేవాళ్లుంటారు."

ఒకటో లోగిలికి బండి ఏడాదికి, అంటే ఇక్కడి ఆరొందల అరవై ఎనిమిది రోజులకి, ఒక్కసారి పోతుంది. పద్దెనిమిది రోజుల ప్రయాణం. అరవై దాటాక అటు వెళ్లినవాళ్లు ఇటు వచ్చింది లేదు. మా అక్కని ఆ బండి ఎక్కిస్తే ఈ గరిట ఎవరికైనా ఇచ్చుకోండని చెప్పాను. ఆయన లేచి పీట గోడకి ఆనించి వెళ్లిపోయాడు.

219వ రోజు

వండినవి: సొరకాయ పప్పు, చారు, వేరుశనగ పాల మజ్జిగ. మిగిలింది చాలా. తిననివాళ్లు ఇరవై ఆరు మంది.

డాక్టర్ రిజ్వానా వంటశాలకే వచ్చింది. ముప్ఫై ఏళ్ల పిల్ల, నా చేతి ముద్దలు తిని పెరిగింది. అందుకే నాకు భయపడదు.

"పిన్నీ, అందరి రక్తాలూ చూశా. మన ఒంట్లో సెలీనియం దాదాపు లేదు."

"అదేం కూర?"

"కూర కాదు, మట్టిలో ఉండే పదార్థం. పాత నేల, భూమి మీద ధాన్యంలో, చేపల్లో, గుడ్లలో దానంతటదే వచ్చేది. మనమేమో ఈ ఎర్ర ఇసకని పదకొండు సార్లు కడిగి పండిస్తన్నాం. ఏడేళ్ల కిందటి దాకా పైనుంచి గోధుమపిండి వచ్చేది, దాంతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఒంట్లో నిల్వ అయిపోయింది."

"పిండి లేకపోతే పొట్టలు ఇట్టా అవుతాయా?"

"పేగు లోపలి పొర తనని తాను బాగు చేసుకోవాలంటే ఇది కావాలి. పేగులో ఉండే సూక్ష్మజీవులు కూడా అందులో వాటా తీసుకుంటాయి. మెదడు అన్నిటికంటే గడుసుది, చివరిదాకా తన వాటా వదలదు. దానికే తక్కువైందంటే మిగతా ఒళ్లు ఎంత ఎండిపోయిందో చూసుకో."

"మా అక్కకో?"

రిజ్వానా చేతిలో కాగితం మడతలు పెట్టింది. "అందరికంటే తక్కువ ఆవిడకే. మతిమరుపంతా దీని వల్లేనని చెప్పలేను పిన్నీ. కొంతైనా దీని వల్ల అయితే ఆ కొంత వెనక్కొస్తది."

నాకు ఆ కొంత చాలు. ఎంత పెట్టాలో చెప్పమన్నాను.

ఏర్పాటు ఇది. పులియబెట్టే గది తిరపతయ్యది. ఆయన సెలీనియం ఉప్పు కలిపిన నీళ్లలో ఈస్ట్ పెంచి, ఎండబెట్టి, పొడి చేసి ఇస్తాడు. కొట్టు చూసే జోజిబాబు ఒక గిన్నె పొడికి తొమ్మిది గిన్నెల బియ్యప్పిండి కలుపుతాడు. ఆ పిండిలోంచి నేను రోజూ నాలుగు చెంచాలు తీసి మధ్యాహ్నం మజ్జిగ కుండలో కలపాలి. రిజ్వానా ఒక చెంచా, ఒక సన్నటి పుల్ల తెచ్చి ఇచ్చింది. చెంచా నింపి, పుల్లతో అంచుకు సమంగా గీసి, పైన మిగిలింది డబ్బాలోకే నెట్టేయాలట. నాలుగంటే నాలుగేనని గోడ మీద కాగితం కూడా అంటించింది.

నాకు బుద్ధి తెలిసి చెంచాని గీసింది లేదు. వంట నాకు నేర్పింది అక్కే. కొలిచి వేశాక చేత్తో ఇంకాస్త వెయ్యాలి, అది కొసరు, అది లేకపోతే తినేవాళ్లకి లెక్కపెట్టి పెట్టినట్టుంటుందని అక్క అనేది. మా తాతలు పలనాడు వదిలి ఈ ఎర్ర నేలకి ఎక్కినప్పుడు మనిషికి పన్నెండు కిలోల సామానే తెచ్చుకోనిచ్చారట. కొసరుకి బరువు లేదు కాబట్టి దాన్ని తెచ్చుకున్నారు. ఇప్పుడు ఈ పిల్ల పుల్ల ఇచ్చి గీయమంటోంది. సరేనన్నాను. పిల్ల గడప దాటాక నాలుగు చెంచాలూ గోపురాల్లాగే వేసి, పైన వేళ్లతో ఇంకో చిటికెడు వేశాను. మందైనా మనవాళ్లకి బొటాబొటీగా పెడతామా?

248వ రోజు

తిననివాళ్లు ఏడుగురే. మరుగుదొడ్ల దగ్గర వరస లేదు. మంచు కరిగించే వంతు కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు, నాదంటే నాదని. వినడానికి హాయిగా ఉంది.

అక్క పొద్దున్నే వంటశాలకి వచ్చి పప్పు రుచి చూసి ముఖం చిట్లించింది. "ఇంగువ ఎవరే వేసింది, ఇంత మొద్దు చేత్తో? పొలంలో ఎరువు చల్లినట్టు."

వేసింది నేనే. రెండేళ్ల తర్వాత మా అక్క నన్ను తిట్టింది. కన్నీళ్లు ఆగలేదు. ఏడుస్తూనే ఇంకో గరిటెడు పప్పు వేసి ఇచ్చాను. తింటూ, "చారులో వెల్లుల్లి వెయ్యలేదేం?" అని అడిగింది.

"వెల్లుల్లి ఎక్కడిదక్కా? ఆరేళ్లయింది. వేరుకి తెల్లకుళ్లు పట్టిందని తిరపతయ్య మడి మొత్తం తగలబెట్టించాడు కదా. నువ్వు పక్కనే ఉన్నావు."

"అవును. తగలబెట్టారు," అంది. ఇంకేదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, అదేమిటో దొరకక మూసుకుని, చెయ్యి కడుక్కుంది. పోనీలే, ఇంగువ గుర్తొచ్చింది, మిగతావీ వస్తాయి.

271వ రోజు

రెండో లోగిలిలో కాన్పులు కష్టమవుతున్నాయని రిజ్వానాని పిలిచారు. రక్తం చూసే పెట్టె రెండు లోగిళ్లకీ ఒక్కటే, అది కూడా పట్టుకెళ్లింది. నలభై అయిదు రోజుల దాకా రాదు. బండి ఎక్కుతూ కూడా, "పిన్నీ, గీసి వేస్తన్నావుగా?" అంది. వేస్తున్నానన్నాను. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు కానీ నోటితో ఆడకూడదని ఎక్కడా లేదు.

284వ రోజు

ఊళ్లో వెల్లుల్లి ఉంది.

మధ్యాహ్నం జోజిబాబు గ్లాసు చాపి, "కాస్త అడుగు మజ్జిగ వెయ్యి చెల్లెమ్మా" అన్నాడు. ఆయన ఎప్పుడూ చివర్న వస్తాడు, కుండ అడుగున చిక్కటిది ఆయనకిష్టం. ఆ మాటతో పాటు ఆయన నోట్లోంచి గుప్పుమని వెల్లుల్లి వాసన వచ్చింది. గరిట అక్కడే ఆగిపోయింది. ఆరేళ్లుగా వెల్లుల్లి లేని చారు, వెల్లుల్లి లేని కారప్పొడి వండుతున్నదాన్ని. ఆ వాసన విషయంలో నేను పొరపాటు పడను.

"ఏం తిన్నావన్నా పొద్దున?"

"నువ్వు పెట్టిందే. ఉప్మా."

పెట్టింది నేను. అందులో ఏముందో నాకు తెలుసు.

అది అక్కడితో ఆగితే బాగుండేది. కుండలో అడుగున మిగిలే చివరి గ్లాసు నేను అక్క కోసం ఉంచుతాను. అది ఇవ్వడానికి వెళ్తే, అక్క నోట్లోనూ అదే వాసన.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. జోజిబాబుకి అరవై రెండేళ్లు, భార్య పోయి పదేళ్లయింది. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నా అంటాను. మరి ఆ వరసన మా అక్కని కూడా ఏదో ఒకటి అనాలా వద్దా? అనడు. హైమావతిగారూ అంటాడు. ఇన్నాళ్లూ మర్యాద అనుకున్నాను. కొట్టు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఎక్కడో ఒక గడ్డ దాచి, దొంగచాటుగా మా అక్కకి ఒక్కో రెబ్బ తెచ్చిపెడుతున్నాడు. తెచ్చిపెట్టనీ. కానీ అక్క, తను తిని నాకు ఒక్క రెబ్బ కూడా ఉంచకపోవడమా?

290వ రోజు

ఇప్పుడు వాసన ఇద్దరి దగ్గరే కాదు, పాతికమంది దగ్గర వస్తోంది. ఎవరిని అడిగినా నేను తినలేదంటారు. అని పక్కవాళ్ల ముఖాలు వాసన చూస్తారు. భార్యలు భర్తల్ని నిలదీస్తున్నారు. ఇసక కడిగే చోట ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు తిని రెండోవాడికి దాచాడని మాటలు మానేశారు.

జోజిబాబు మీద నా అనుమానం నేనే వెళ్లి తిరపతయ్యకి చెప్పాను. కుళ్లు మళ్లీ వస్తే ఉల్లి మడి కూడా పోతుందని ఆయన భయం. ఆయన, నేను, ఇంకో ఇద్దరు కలిసి జోజిబాబు గదికి వెళ్లాం. ఆయన గుమ్మంలో నిలబడి, "వెతుక్కోండి" అన్నాడు. అంతే. మంచం కింద రేకు పెట్టె ఉంది. అందులో భార్య ఫొటో, ఒక చీర. మంచం వెనక నీళ్ల గ్లాసులో ఒక బంతి మొక్క. తినేది కానిదేదీ నాటకూడదని లోగిలి నియమం, నీళ్లు చాలవు కాబట్టి.

"నా తాగే నీళ్లే పోస్తన్నా," అన్నాడు నేల చూస్తూ. "పువ్వు చూసి చాలా రోజులైందని హైమావతిగారు అంటే."

వెల్లుల్లి ఎక్కడా లేదు. తిరపతయ్య మొక్క జోలికి పోలేదు. ఆ మధ్యాహ్నం జోజిబాబు మజ్జిగకి రాలేదు. తిననివాళ్ల లెక్కలో ఆయన పేరు రాస్తుంటే చెయ్యి సిగ్గుపడింది.

297వ రోజు

అక్క మళ్లీ జారిపోతోంది.

దువ్వెన నిండా జుట్టు. గోళ్ల మీద అడ్డంగా తెల్ల గీతలు. గింజలు ఏరుతుంటే వేళ్లు వణుకుతున్నాయి. మూడు రోజులుగా పొట్ట కూడా బాగాలేదు. ఈరోజు కందుల డబ్బా మూత రాలేదని గోడకేసి కొట్టింది. మా అక్క గింజ కింద పడితే కళ్లకద్దుకునే మనిషి. కందులన్నీ ఏరుతూ, "నాకేమవుతాందే మణీ?" అని అడిగింది. విత్తులరోజుకి ఇంక నూట మూడు రోజులు.

మందు చాలడం లేదన్నమాట. ఎవరిని అడగను? రిజ్వానా లేదు. ఈరోజు నుంచి కుండలో వేసేది కాక, అక్క గ్లాసులో విడిగా ఇంకో చెంచా కలుపుతున్నాను. గీసినది కాదు, నిండుగా.

305వ రోజు

వండినవి రాయడం దండగ. సగం మిగిలింది. మరుగుదొడ్ల దగ్గర వరస మళ్లీ మొదలైంది. అందరూ చిరాకుగా ఉన్నారు, నోట్లో ఇనుము నాకినట్టుందంటున్నారు. అందరికీ మందు చాలడం లేదేమోనని కుండలో నా కొసరు కొంచెం పెంచాను. అక్క ఈరోజు మంచం దిగలేదు. బండి గురించి తిరపతయ్య నా దగ్గర ఎత్తలేదు, కానీ ఎవరినో ఖాళీ సీట్లు అడిగాడని తెలిసింది.

316వ రోజు

రిజ్వానా వచ్చింది. దుమ్ము దులిపే గదిలోంచి లోపలికి అడుగు పెట్టి, తలకి ఉన్న తొడుగు తీసి, గాలి పీల్చి అక్కడే నిలబడిపోయింది. ఎదురెళ్లినవాళ్లం పదిహేను మందిమి. మా అందరి పలకరింపులూ ఒక్కసారే ఆమె ముఖానికి తగిలాయి.

"పిన్నీ, చేతులు చూపించు."

చూపించాను. నా గోళ్ల మీద కూడా గీతలున్నాయి. నేను చూసుకోనేలేదు. ఆమె వరసగా అందరి చేతులూ చూసింది.

"వెల్లుల్లి ఎవరు దాచారో తెలియడం లేదమ్మా," అన్నాడు తిరపతయ్య.

"ఎవరూ దాచలేదు. ఎవరూ తినలేదు," అంది రిజ్వానా. "సెలీనియం ఎక్కువైతే ఒళ్లు దాన్ని ఊపిరితో బయటికి పంపిస్తది. ఆ ఊపిరికి వెల్లుల్లి వాసన వస్తది. జుట్టు రాలడం, గోళ్లు, పొట్ట, చిరాకు, వణుకు, అన్నీ దానివే. తక్కువైతే ఎంత చేటో, ఎక్కువైతే అంత చేటు. మధ్యలో ఉన్న దారి చాలా ఇరుకు. అందుకే గీసి వెయ్యమన్నా."

తర్వాత నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"అక్క గ్లాసులో విడిగా కూడా వేశా," అన్నాను.

ఆమె పెట్టె పట్టుకుని అక్క గదికి పరిగెత్తింది. అక్క రక్తంలో ఉండాల్సిన దానికి ఎనిమిది రెట్లు ఉంది. ఇంకో నెల ఇలాగే పోతే ఏమయ్యేదని అడిగాను. ఆమె మందు డబ్బా తీసుకెళ్లి తన గదిలో తాళం వేసుకుంది.

317వ రోజు

అందరినీ భోజనశాలలో కూచోబెట్టారు. రిజ్వానా లెక్క వేస్తే తేలింది ఏమిటంటే, ఒక్క నా చెంచాల వల్లే కుండలోది ఇంత ఎక్కువ కాదు. ఇంకెక్కడో తేడా ఉంది.

నేను ముందు లేచాను. చెంచాలు గీయలేదని, పైన కొసరు వేశానని, మధ్యలో పెంచానని, అక్కకి వేరే వేశానని చెప్పాను. జోజిబాబు గది వెతికించింది కూడా నేనేనని చెప్పాను.

జోజిబాబు లేచాడు. "డాక్టరమ్మ ఒక గిన్నె పొడికి తొమ్మిది గిన్నెల పిండి కలపమంది. గిన్నె పొడి వేశాక నేను చేత్తో ఇంకో గుప్పెడు పొడి వేస్తన్నా. ఒట్టి పిండి తాగించినట్టుంటదని. అది ఎక్కువవుద్దని నాకు తోచలా."

ఆ తర్వాత తిరపతయ్య లేచాడు. ఆయన లేవడం చూసి అందరం, తీర్పు చెప్పబోతున్నాడనుకున్నాం.

"ఈస్ట్ తొట్టిలో సెలీనియం ఉప్పు మూడు గ్లాసులు వెయ్యమంది," అన్నాడు. "వేశాక ప్రతిసారీ నా చేతికి ఊరుకోబుద్ధి కాలేదు. అర గ్లాసు. ఒక్కోసారి గ్లాసు."

రిజ్వానా తల పట్టుకుంది. "ఒక్కొక్కరిది విడిగా చూస్తే మునిగిపోయేదేం లేదు. ఒకదాని మీద ఒకటి పడింది. తొట్టిలో కొసరు, గిన్నెలో కొసరు, చెంచాలో కొసరు. పొడి అడుగుకి దిగుతది కాబట్టి చివర్న తాగిన జోజి మామయ్యకి, హైమ పెద్దమ్మకి అందరికంటే ఎక్కువ." ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. "ప్రేమకి కూడా కొలత కాగితం మీద రాయాలని నాకు చదువులో చెప్పలేదు పిన్నీ."

మందు కనీసం నలభై రోజుల పాటు ఆపాలంది. విత్తులరోజు సంగతి నేనే అడిగాను. 400 కల్లా తేరుకుంటే తేరుకుంటుంది, మాట ఇవ్వలేనంది. తిరపతయ్య నా వైపు చూడకుండా, "400 దాకా సీట్ల సంగతి ఎవరూ ఎత్తొద్దు," అన్నాడు.

318వ రోజు

అక్కకి నేనే చెప్పాను. మంచం పక్కన కూచుని, చెంచా గీయలేదన్న దగ్గర్నుంచి అంతా. చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.

అక్క గోడ వైపు తిరిగింది. అటు తిరిగే అంది. "అన్నంలో కొసరు నేర్పా. కూరలో నేర్పా. మందులో కొసరు వెయ్యమని ఎప్పుడు నేర్పానే నీకు?"

"నేర్పలా."

"మరి?"

"నిన్ను బండెక్కిస్తారని భయమేసిందక్కా."

అక్క ఇటు తిరిగి నా తల మీద గట్టిగా మొట్టింది. ఆ మొట్టికాయలో వణుకు లేదు.

341వ రోజు

తిననివాళ్లు పన్నెండు. వాసన తగ్గింది. విచిత్రం ఏమిటంటే, అది పోతుంటే కొందరికి దిగులుగా ఉంది. అబద్ధపు వెల్లుల్లే అయినా ఆరేళ్ల తర్వాత వచ్చింది కదా అంటున్నారు.

జోజిబాబుకి మజ్జిగ నేనే తీసుకెళ్లాను. మందు లేకపోయినా పైపై తేటదే. క్షమించమని అడగడానికి పోయి, మాట రాక, "బంతి మొగ్గ వేసిందా?" అన్నాను. వేసిందట, చూపించాడు.

"అన్నా, మా అక్కని ఏమని పిలవాలనుకుంటన్నావు?"

"ఇప్పుడు పిలిచేట్టే బాగుంది చెల్లెమ్మా," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

372వ రోజు

రిజ్వానా అందరి రక్తాలూ మళ్లీ చూసి, ఈరోజు మందు మొదలుపెట్టింది. తొట్టి దగ్గర ఒక పుల్ల, గిన్నె దగ్గర ఒక పుల్ల, నా దగ్గర ఒక పుల్ల. చెంచా నింపి గీశాను. పైన మిగిలింది డబ్బాలోకి నెట్టేటప్పుడు వేళ్లు దురద పెట్టాయి, అబద్ధమెందుకు. ఆ దురద తీరడానికి ప్రతి గ్లాసులో మజ్జిగ కాస్త ఎక్కువ పోశాను. మందు కలపకుండా పక్కన పెట్టిన ఒట్టి మజ్జిగ అది. రిజ్వానాని అడిగే పోశాను.

అక్క జుట్టు మొలుస్తోంది, పసిపిల్ల తల మీద నూగులా. పొట్ట నిలబడింది. నిన్న అలసందలు అలసందల్లోనే పోసింది.

400వ రోజు

విత్తులరోజు. భోజనశాల బల్లల మీద నలభై ఆరు చిన్న గిన్నెలు. అక్క కళ్లకి గుడ్డ కట్టారు. ఊరంతా నిలబడి చూస్తోంది. నేను గోడకి ఆనుకున్నాను.

అక్క ఒక్కో గిన్నెలో వేళ్లు పెట్టి చెబుతూ పోయింది. కంది, సజ్జ, నువ్వు, గోంగూర, ధనియాలు. ఒక్కోచోట ఆగింది, వేళ్ల మధ్య నలిపింది, చెప్పింది. రెండు గిన్నెల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇవి నాకు తెలియలా," అంది. నలభై నాలుగు సరిగ్గా చెప్పింది. ఏడాది కిందట అయితే ఆ రెండిటికీ ఏదో ఒక పేరు చెప్పి దాటేసేది. తెలియదని తెలుసుకున్నందుకే నాకు ఎక్కువ సంతోషం వేసింది.

తిరపతయ్య రెండు గిన్నెల వైపు చూస్తూ గడ్డం రుద్దుకుంటున్నాడు. నాకు ఆ రుద్దుకోవడం నచ్చలేదు.

అక్క గుడ్డ విప్పుకుని, "నలభై ఏడోది ఉంది," అంది. "మంచుబావిలో. ఎవరన్నా నాతో రండి."

మంచుబావి అంటే బయటి చలిలోకి తవ్విన లోతైన గొయ్యి, పాత విత్తనాలు దాచేది. జోజిబాబు దీపం పట్టుకున్నాడు. అక్క మూడో అర దగ్గర ఆగి, వెనక నుంచి ఒక రేకు డబ్బా తీసింది. దాని మీద ఆమె చేతిరాతే, "మెంతులు, పాతవి." ఆరేళ్ల పాత మెంతుల జోలికి ఎవరు పోతారు?

భోజనశాలకి తెచ్చి మూత తీసింది. లోపల మెంతులు లేవు. గోధుమగింజ కంటే కాస్త పెద్దవి, ఊదా రంగువి, చిన్న చిన్న గడ్డల్లాంటివి గుప్పెడు.

"మడి తగలబెట్టిన రోజు పూకాడల తలలు కోసి దాచా. వెల్లుల్లి పూకాడ పైన ఇట్టా పిల్లలు కాస్తది. ఇవి మట్టిని తాకవు. కుళ్లు ఉండేది మట్టిలో, వేరులో. అన్నీ కాల్చమని తిరపతయ్య అన్నాడు కాబట్టి ఆయనకి చెప్పలా. చల్లారాక చెబుదామనుకున్నా." ఆమె ఊరంతటినీ ఒకసారి చూసింది. "తర్వాత నాకే గుర్తు లేకుండా పోయింది. మొన్న మంచం మీద పడుకుంటే వచ్చింది. వెల్లుల్లి దొంగ ఎవరని గదులు వెతికారంటగా. జోజిబాబుగారి గది కాదు, నా గది వెతకాల్సింది."

తిరపతయ్య డబ్బా దగ్గరికి వచ్చి వంగి వాసన చూశాడు. గడ్డకట్టిన వాటికి వాసన లేదు. అయినా చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచాక కళ్లు తుడుచుకుని, "వీటిని ఎట్టా పెంచాలో తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగాడు.

ఎవరూ లేరు.

"అయితే ఆవిణ్ని ఎక్కడికి పంపుతాం?" అన్నాడు. అనేసి మర్చిపోయిన తన పీట వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఈసారి ఏ గరిటా చేతిలో లేదు.

403వ రోజు

మిగతా మడులకి దూరంగా ఒక మూత ఉన్న తొట్టి, కాల్చి కడిగిన ఇసక. అక్క పుల్లతో నలభై గుంటలు గీయించింది. ఒక్కో గుంటకి ఒక్కటి. రిజ్వానా లెక్క రాస్తోంది, జోజిబాబు నీళ్లు చిలకరిస్తున్నాడు. నలభై అయ్యాక అక్క డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకొకటి తీసి, మూలన వేలితో గుంట చేసి నొక్కింది.

రిజ్వానా నా వైపు చూసింది. పుల్ల నా కొంగుకే కట్టి ఉంది. నేను దాన్ని తియ్యలేదు.

419వ రోజు

తొట్టిలో పదిహేడు మొలకలు. మిగతావి వస్తాయో రావో తెలియదు, ఆరేళ్ల చలి కదా అంటోంది అక్క. పదిహేడులో మూలన ఉన్నది ఒకటి. మొదటి గడ్డలు తినడానికి కాదు, మళ్లీ నాటడానికే పోతాయి. చారులోకి రావాలంటే ఇంకో రెండేళ్లు. ఉందాం, ఎక్కడికి పోతాం?

వండినవి: పప్పు, గోంగూర పచ్చడి, చారు, మజ్జిగ. మందు నాలుగు చెంచాలు, గీసినవి. మిగిలింది ఏమీ లేదు.

తిననివాళ్లు: ఎవరూ లేరు.